గాజుతొట్టిలో గంగమ్మ వాటా

నరసింగరావు మాస్టారి ఇంట్లో పని చేసే బుల్లమ్మకు ఆ ఇంట్లో ఒక్క వస్తువు మీదే ప్రాణం. కిటికీ పక్కన సముద్రపు నీళ్లు నింపిన గాజుతొట్టి, అందులో గుప్పెడంత రాయి, రాయిని కరుచుకుని గోధుమరంగు పువ్వు. పువ్వంటే ఉత్త పువ్వు కాదు, రేకుల్లాంటి వేళ్లతో తిండి పట్టుకు తినే నోరున్న సముద్రపు జీవం. శ్రీకాకుళం కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే మాస్టారు దానికేదో నోరు తిరగని పేరు చెప్పారు గాని, బుల్లమ్మకు అది ఎల్లాజీ పువ్వు. ఆమె మొగుడు ఎల్లాజీ వలలో చిక్కిన రాయి అది. అప్పట్లో చేపలమ్ముకునే బుల్లమ్మే తట్టలో తెచ్చి మాస్టారికిచ్చింది. మరుసటి వారమే, పంతొమ్మిది వందల అరవై ఎనిమిది కార్తీకంలో, వేటకెళ్లిన ఎల్లాజీ తెప్ప తిరిగి రాలేదు.

మూడో నెలకల్లా ఊరంతా ఆశ వదిలేసుకుంది. బుల్లమ్మ వదల్లేదు. పువ్వు బతికుంటే మొగుడూ ఎక్కడో బతికే ఉన్నాడని ఆమె నమ్మకం. నవ్వుతారని ఎవరితోనూ అనలేదు. మాస్టారి ఇంట్లో పనికి కుదిరి, దొడ్లో తనకిచ్చిన గదిలో రోజూ మధ్యాహ్నం రెండు కంచాలు పెట్టేది. ఎల్లాజీ కంచంలో అన్నం సాయంత్రం దాకా ఉంచి గొడ్లకు పెట్టేది.

పువ్వు తిండికి మాస్టారి నియమం ఒక్కటే. "వారానికోసారి మినపగింజంత రొయ్యముక్క. అంతే. మిగిలింది నీళ్లలో కుళ్లి దాన్నే చంపుతుంది."

ఆమె తలూపింది గాని, ఆ మాట ఆమె గొంతు దిగలేదు. ప్రాణమున్నదాన్ని వారం రోజులు పస్తు పెట్టడమేమిటి?

మాస్టారు ఇల్లు అప్పజెప్పి పేపర్లు దిద్దడానికి వాల్తేరు వెళ్లినప్పుడు గంగమ్మ పండగ వచ్చింది. బుల్లమ్మ వాళ్ల ఊళ్లో ఆ రోజు సముద్రంలో పాలు పోసి పసుపన్నం వదులుతారు. ఊరికి పోతే ఆమె చేతి గాజులు చూసి తలో మాటా అంటారు. తొట్టిలోదీ సముద్రమే కదా అనుకుంది. గ్లాసుడు పాలు పోసింది, గుప్పెడు పసుపన్నం వేసింది, మొగుణ్ని పంపమని దండం పెట్టుకుంది. బుద్ధి తక్కువ పనే. కానీ ఆ ఇంట్లో ఆమెకు వేరే దేవత ఎవరున్నారు?

తెల్లారేసరికి నీళ్లు కుడితిలా అయిపోయాయి. కంపు. పువ్వు ఉసిరికాయంతకు ముడుచుకుపోయింది.  బుల్లమ్మ మెతుకులన్నీ ఏరేసి, రెండు బిందెలు పట్టుకుని తమ ఊరి తీరానికి కళింగపట్నం బస్సెక్కింది.

తీరంలో ఎల్లాజీ అక్క లక్ష్మణమ్మ ఎదురైంది. "ఏటే, బిందెలట్టుకొచ్చినావు?"

"పువ్వు సచ్చిపోతన్నాది వొదినా. మంచి సంద్రం నీళ్లు కావాల."

లక్ష్మణమ్మ ఆమె గాజులకేసి చూసింది. "ఇంకా ఎన్నాళ్లే?"

"ఆ పువ్వు మళ్లీ విచ్చుకుంటే ఆడొస్తాడు." మొదటిసారి పైకి అనేసింది.

లక్ష్మణమ్మ నవ్వలేదు. బిందెలు లాక్కుని, నడుంలోతు దాకా వెళ్లి, ఇసక లేని నీళ్లు ముంచి తెచ్చింది.

బుల్లమ్మ మూడు రోజులు అలాగే తిరిగింది. నీళ్లన్నీ ఒక్కసారే మార్చకూడదని మాస్టారు ఎప్పుడో చెప్పిన మాట ఇప్పుడు గుర్తొచ్చింది. రోజుకు కొంత తీసి, కొంత పోసింది. బస్సులో నీళ్లు ఒలికినప్పుడల్లా కండక్టరు తిట్టాడు, పడింది. నాలుగో రోజు మాస్టారు వచ్చి నీళ్లు వాసన చూశారు. తిట్టబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయారు.

"పది రోజులు దీనికేమీ పెట్టకు. తొట్టిలో నీళ్లే చెంబుతో ఎత్తి పోస్తుండు, గాలి తగిలితే చాలు."

"ఆకలికి సచ్చిపోదా బాబూ?"

"పెడితేనే చస్తుంది."

పది రోజులూ ఆమె చేతులు కట్టేసుకున్నట్టే బతికింది. పదకొండో రోజు కిటికీలోకి ఎండ వచ్చే వేళకు పువ్వు విచ్చుకుంది. వేళ్లన్నీ చాచి, నిండుగా. బుల్లమ్మ చీపురు పడేసి వీధి గుమ్మంలోకి పరుగెత్తింది. ఎండ నడినెత్తికి వచ్చేదాకా అక్కడే నిలబడింది. పువ్వు బతికింది. ఎల్లాజీ రాలేదు. ఇక రాడు.

గదికి వెళ్లి అలవాటు కొద్దీ రెండు కంచాల్లోనూ అన్నం పెట్టింది. తన కంచం పక్కకు నెట్టి, ఎల్లాజీ కంచం ముందు కూర్చుని, మెతుకు మిగల్చకుండా తినేసింది.