నీళ్ళు కలపని బంగారు రంగు

జర్మనీలోని ఆకెన్‌లో నేనుండే విద్యార్థుల ఇంట్లో వంటగది అందరికీ ఒకటే. పక్క గది జర్మన్ అమ్మాయి శనివారాలు ఆ వంటగది బల్ల మీద పాత పేపరు పరిచి, బొటనవేలంత సైనికుల బొమ్మలకు రంగులు వేసుకుంటూ ఉంటుంది. మొన్న నేను పొయ్యి మీద పప్పు పెట్టుకుని నిలబడి ఉండగా కొత్త రంగు సీసా మూత తిప్పింది. తడిసిన సున్నం లాంటి వాసన, అందులో కొంచెం పులుపు, అడుగున ఎక్కడో మందుల షాపు వాసన. "మళ్ళీ పెంచారు, ఇంత బుడ్డికి ఎంతో చూడు" అని ఆ పిల్ల విసుక్కుంది. నేను పొయ్యి ఆపేసి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. పప్పు సగం ఉడికి అక్కడే ఉండిపోయింది.

అది మా ఇంటి వాసన. కార్ల్స్‌రూహె ఊరి చివర, ట్రామ్ మలుపు తిరిగే చోట, మూడో అంతస్తులో మా ఇల్లు. నాన్న కార్ల విడిభాగాల కంపెనీలో సాఫ్ట్‌వేర్ పని చేసేవాడు, అమ్మ వృద్ధుల ఆశ్రమంలో నర్సు. నాన్న పుట్టి పెరిగింది బిట్రగుంట రైల్వే కాలనీలో. మా తాత అక్కడి లోకోషెడ్డులో ఫిట్టరు. తాత చేతుల జిడ్డు, ఆవిరి కూత, బొగ్గు మసి నాన్న వెంట జర్మనీ దాకా వచ్చాయి కాబోలు, సాయంత్రం ఇంటికి రాగానే కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, పెట్టెలో విడివిడిగా వచ్చే ప్లాస్టిక్ ముక్కలు అతికించి జానెడు పొడుగు ఆవిరి ఇంజన్లు తయారుచేసేవాడు. అతికించడం ఎంతోసేపు పట్టేది కాదు గానీ రంగు వేయడం మాత్రం నెలల తరబడి సాగేది. చక్రాల తుప్పు, పొగగొట్టం చుట్టూ మసి, నీళ్ళ ట్యాంకు మీద కారి ఎండిన తెల్లటి చార, ఒక్కొక్కటీ వెంట్రుకంత కుంచెతో దిద్దాలి. రంగుని సీసాలోంచి నేరుగా ఎప్పుడూ వాడేవాడు కాదు. పింగాణీ సాసరులో చుక్క వేసి, నీళ్ళు కలిపి, పల్చగా ఒక పూత, అది ఆరాక ఇంకో పూత. అన్నానికి బల్ల ఖాళీ చేయమన్నప్పుడల్లా అమ్మది అదే ఎత్తిపొడుపు.

"ఏందయ్యా, మజ్జిగ మాదిరి నీళ్ళు పోసి పూస్తావు, దానికింత రేటా?"

"చిక్కగా పూస్తే ఇంజను మాదిరి ఉండదు మే, రోడ్డుకు తారు పోసినట్టుంటది" అనేవాడు నాన్న తల ఎత్తకుండా.

ఆ ఇంట్లో కాలాలు కూడా వాసనలతోనే మారేవి. చలికాలం కిటికీలన్నీ మూసి ఉంటే చేపల పులుసూ రంగు వాసనా కలిసి, హీటరు మీద ఆరేసిన మేజోళ్ళకు పట్టేవి. ఎండాకాలం బాల్కనీ కుండీల్లో గోంగూర, కిందినుంచి కోసిన గడ్డి పచ్చివాసన. ఆకులు రాలే రోజుల్లో కాలిబాట మీద ఏరుకొచ్చిన చెస్ట్‌నట్ గింజలతో అమ్మ నాకు గచ్చకాయలాట నేర్పింది. నేను నాన్నకు జర్మన్‌లోనే జవాబు చెప్పేదాన్ని. నా తెలుగు అమ్మ చలవ. రోజూ అన్నానికి ముందు బైబిలు వాక్యంలో ఒక అధ్యాయం గట్టిగా చదవాలి. ఎక్కడ తడబడినా వంటింట్లోంచే దిద్దేది, తిరగమోత చిటపటల మధ్య కూడా ఆమెకు నా తప్పు వినపడేది.

ఆదివారం మధ్యాహ్నాలు మా తెలుగు సంఘం ఒక జర్మన్ గుడి వెనక హాలు అద్దెకు తీసుకుని కూడేది. చదువుకునే పిల్లలు కైసర్స్‌లౌటర్న్ నుంచి రైలెక్కి వచ్చేవాళ్ళు, సగం ఆరాధన కోసం, సగం అన్నం కోసం అని అమ్మ నవ్వేది. వారమంతా గిడ్డంగిలో పెట్టెలు మోసే అయ్యగారు ఆ పూట తెల్లచొక్కా వేసుకుని వాక్యం చెప్పేవారు. కోతపండుగ నాడు వేలం ఉండేది. ఎవరి బాల్కనీలోనో కాసిన ఒక్క సొరకాయను పైకెత్తి, "అన్నా, ఇది మామూలు సొరకాయ కాదు, బ్లూకార్డు వీసా మీద వచ్చిన సొరకాయ!" అని ఒకాయన అరిస్తే హాలంతా నవ్వుతూ పాట పెంచేది. క్రిస్మస్ వారం ఆ హాలు వంటగదిలో ఆడవాళ్ళంతా చేరి గులాబీ పువ్వులు వండేవాళ్ళు. కాగిన నూనెలో పిండి అంటిన ఇనుప అచ్చు ముంచి ఒక్క విదిలింపు విదిలిస్తే పువ్వు విడిపోయి తేలేది, ఆ విదిలింపు అమ్మకు తప్ప ఇంకెవరికీ సరిగా వచ్చేది కాదు. పిల్లలం కుర్చీల కింద దూరి కంఠత వాక్యాల పందెం ఆడుకునేవాళ్ళం. గెలిచినవాళ్ళకు విరిగిన పువ్వులు.

కరోనా తెగులు వచ్చిన ఏడు వసంతంలో ఆ హాలుకు తాళం పడింది. ఆరాధన ల్యాప్‌టాప్‌లోకి వచ్చింది. పిల్లలు తెర ముందు కుదురుగా కూర్చోవడం లేదని అయ్యగారు నాన్నకు ఫోన్ చేశారు. "తమ్ముడూ, నీ చేతిలో పనుంది గదా, ప్రత్యక్ష గుడారం నమూనా చేసిపెట్టు. హాలు తెరిచాక పిల్లలకు చూపిద్దాం" అన్నారు. పూర్వం దేవుని ప్రజలు ఎడారిలో మోసుకు తిరిగిన ఆరాధన గుడారం అది. దాని పలకలు, స్తంభాలు, తెరలు, వాటి కొలతలన్నీ వాక్యంలో ఉన్నాయి. నాన్న మూరకు ఒక సెంటీమీటరు చొప్పున గీసుకుని సన్నటి కర్రపలకలు కోశాడు. అమ్మ నీలం, ఊదా, ఎరుపు చీరల అంచులు కత్తిరించి తెరలు కుట్టింది. నేను చదువుతూ ఉంటే నాన్న కొలిచేవాడు, నేను కొలత తప్పు చదివితే అమ్మ సూది ఆపి దిద్దేది. మా ముగ్గురికీ అంత సంతోషమైన ఎండాకాలం మరొకటి లేదు. బయట అంతమంది పోతున్నారని తెలిసి కూడా అలా ఉండగలిగామంటే ఇప్పుడు నాకు భయం వేస్తుంది.

ఆ పలకలన్నిటికీ లోపలా బయటా మేలిమి బంగారం తాపడం ఉండాలి. బంగారు రంగు మామూలు రంగుల కంటే ఎప్పుడూ ఒక మెట్టు పిరమే. ఇళ్ళలో చిక్కుకున్నవాళ్ళంతా బొమ్మలకు రంగులేయడం మొదలుపెట్టారని ఒకసారి, ఓడలు కదలడం లేదని ఇంకోసారి, షాపతను ఎప్పుడూ ఏదో ఒక కారణం చెప్పి పాత ధర చీటీ మీద కొత్త చీటీ అంటించేవాడు. వసంతంలో ఒక కాఫీ ధరకు వచ్చిన బుడ్డి, ఆకులు రాలేసరికి ఒక పూట భోజనం ధరకు ఎగబాకింది. అదే రోజుల్లో నాన్న కంపెనీలో కుర్ట్స్‌ఆర్బైట్ పెట్టారు. పని గంటలు తగ్గాయి, వాటితోపాటే జీతమూ తగ్గింది. నాన్న అప్పటికి దిగులు పడలేదు. మరికాస్త పల్చగా కలిపి మరో పూత ఎక్కువ వేసుకుంటూ, "నీళ్ళకు కరువు లేదు గదా" అనేవాడు.

డిసెంబరులో అమ్మ పనిచేసే ఆశ్రమంలో ముసలివాళ్ళు ఒకరి తర్వాత ఒకరు మంచం పట్టారు. ఒకరోజు అమ్మ పనినుంచి వచ్చి పులుసు గిన్నె మీదికి వంగి, ఏ వాసనా రావడం లేదంది. వారం తిరక్కుండా అంబులెన్సు వచ్చింది. మెట్లు దిగుతూ నాకు చెయ్యి ఊపింది. మాస్కు వల్ల నవ్విందో లేదో తెలియలేదు. ఆసుపత్రిలోకి మమ్మల్ని రానివ్వలేదు. ఊపిరి గొట్టం వేసే ముందు ఎవరో నర్సు ఫోను పట్టుకుంటే అమ్మ మాట్లాడింది, మాటకూ మాటకూ మధ్య ఊపిరి కోసం ఆగుతూ.

"పలకలు... ఎందాకా వచ్చినయ్యి?"

"అయిపోతన్నయ్యి మే. నువ్వు రా ముందు."

"రంగు పిరమని... ఆపబాకయ్యా" అంది. అదే మేం విన్న ఆఖరి మాట.

ఆ ఆదివారం సంఘమంతా తెర మీద చూస్తుండగా నాన్న లేచి నిలబడ్డాడు. "ప్రభువా, నా భార్యను నా ఇంటికి చేర్చు. కొత్త సంవత్సరం ఆరాధనకు నీ గుడారం పూర్తిచేసి నీ సన్నిధిలో పెడతా. లోపలా బయటా మేలిమిగా, ఒక్క చుక్క నీళ్ళు కలపకుండా పూస్తా" అన్నాడు. చిన్నచిన్న చతురస్రాల్లోంచి అందరూ ఆమెన్ అన్నారు. అయ్యగారు మాత్రం వెంటనే అనలేదు. నోటితో మొక్కుకున్నది చేత్తో చెల్లించాలని మాకు ఉగ్గుపాలతో నేర్పారు. ఆయనకు ఆ మొక్కు బరువు అప్పుడే తెలిసి ఉంటుంది.

నాన్న అప్పటిదాకా పూసిన పలకలన్నీ గీకేసి మళ్ళీ మొదలుపెట్టాడు. నీళ్ళు కలపని రంగు కుంచెకు పాకం లాగా పట్టుకునేది. పలకల మీద చారలు, అంచుల్లో గడ్డలు, మూలల్లో పగుళ్ళు. పల్చగా కలిపితే ఎన్నో పలకలకు వచ్చే బుడ్డి రెండు మూడింటికే ఖాళీ అయ్యేది. అంత వికారమైన పని నాన్న చేతినుంచి రావడం నేనెప్పుడూ చూడలేదు. "కొంచెం నీళ్ళు కలుపు నాన్నా" అన్నాను. "దేవుడి దగ్గర మజ్జిగ పనులు చేయకూడదమ్మా" అన్నాడు.

షాపులు పూర్తిగా మూసేశారు. ఇంటర్నెట్‌లో దొరికే చోట బంగారు రంగుకు వాళ్ళు చెప్పిందే ధర. నాన్న తన ఇంజన్లను ఒక్కొక్కటిగా అమ్మకానికి పెట్టాడు. ఒక్కోదాన్నీ దూదిలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, నన్ను టేపు పట్టుకోమనేవాడు. బిట్రగుంట షెడ్డులో తాత మరమ్మతు చేసిన రకం ఇంజను అన్నిటికంటే చివర వెళ్ళింది. అది వెళ్ళాక అలమరలో దుమ్ము మధ్య శుభ్రంగా ఉన్న నలుచదరపు మచ్చలు మాత్రం మిగిలాయి. రోజూ మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి ఫోను వచ్చేది. "మార్పు లేదు" అనేవాళ్ళు. నాన్న ఫోను పెట్టేసి కుంచె తీసుకునేవాడు. క్రిస్మస్ ఎలా వచ్చి వెళ్ళిందో నాకు గుర్తు లేదు. ఆ ఏడు మా ఇంట్లో నూనె కాగలేదు.

ఏడాది ఆఖరి రోజుకు కొన్ని పలకల లోపలి వైపు మిగిలిపోయింది. రావలసిన పార్సెలు రాలేదు, బుడ్డి అడుగున మిగిలిన రంగు చిక్కగా పూస్తే ఒక్క పలకకు కూడా చాలదు. నాన్న చాలాసేపు ఆ బుడ్డిని బోర్లించి పట్టుకుని కూర్చున్నాడు. గడువు దాటితే మొక్కు తప్పినట్టు. నీళ్ళు కలిపితే మొక్కు తప్పినట్టు. చివరకు లేచి, వంటింట్లో కుళాయి తిప్పి, సాసరు పట్టాడు. ఆ పలకలు పూస్తున్నంతసేపూ నా వైపు చూడలేదు.

మర్నాడు కొత్త సంవత్సరం ఆరాధనలో గుడారాన్ని ల్యాప్‌టాప్ ముందు పెట్టాడు. "ఎంత బాగుందో!" అంటున్నారు అందరూ, తెర మీద గడ్డలు కనపడవు కదా. ఆ సాయంత్రం ఆసుపత్రి వాళ్ళు వేళ కాని వేళలో ఫోన్ చేశారు. నాన్న జర్మన్‌లో "యా, యా" అంటూ విని, ఫోను బల్ల మీద పెట్టి, గుడారం మీద చీర అంచు తెర కప్పేశాడు. అమ్మ ఇక లేదని నాకు అప్పుడు తెలిసింది.

సమాధి దగ్గరకు కొద్దిమందినే రానిచ్చారు. మిగతా సంఘమంతా శ్మశానం గోడ అవతల మంచులో విడివిడిగా నిలబడ్డారు. పాట పాడకూడదన్నారు. పాట లేకుండా మావాళ్ళెవరినీ మట్టిలో పెట్టగా నేను వినలేదు. గోడ అవతల ఎవరో మాస్కు లోపల పెదవులు మూసుకుని రాగం తీశారు, ఒక్కొక్కరూ కలిశారు, మాటల్లేని ఆ మూలుగే అమ్మకు మా సంఘం ఇచ్చిన వీడ్కోలు. తిరిగి వస్తుండగా అయ్యగారు దూరం నుంచే నాన్నతో అన్నారు.

"దేవుడు వ్యాపారి కాదు తమ్ముడూ."

"నేను వ్యాపారం చేశా అయ్యగారూ. సరుకులో నీళ్ళు కలిపా."

తర్వాత ఒకరోజు నాన్న పనిలో ఉండగా ఆ పలకలు విప్పి చూశాను. చిక్కగా పూసినవన్నీ పగిలి పెచ్చులూడుతున్నాయి. నీళ్ళు కలిపి పూసిన ఆ కొన్నిటి లోపలి వైపు, ఎవరికీ కనపడని వైపు, నిజమైన బంగారంలా నున్నగా మెరుస్తోంది. ఆ గుడారం పనివాళ్ళకు నేర్పు ఇచ్చింది తానేనని వాక్యంలో దేవుడే చెప్పాడు. అమ్మ ఉండగా నాన్న సాసరులో నీళ్ళు కలిపిన ఆ చేతికి నేర్పు ఇచ్చిందీ ఆయనే. ఆ నేర్పుని కాదని చిక్కగా పూసినందుకూ, నీళ్ళు కలిపి పూసినందుకూ అమ్మ పోలేదని నేను నా ప్రాణం పెట్టి నమ్ముతాను. రంగు తూచి ప్రాణాలు ఇచ్చే దేవుణ్ణి నేనెరగను. ఈ మాట నాన్నకు తెలుగులో చెప్పాను, జర్మన్‌లో చెప్పాను. "ఊరుకోమ్మా" అంటాడు.

ఆ హాలు మళ్ళీ తెరిచారు గానీ మా సంఘం అందులో మళ్ళీ కూడలేదు. కొందరు ఊళ్ళు మారారు, కొందరికి తెరే అలవాటైంది. కోతపండుగ వేలం లేదు, గులాబీ పువ్వుల అచ్చు ఎవరింట్లో ఉందో తెలియదు, నా తెలుగు తప్పులు దిద్దేవాళ్ళు లేరు. నాన్న అదే ఇంట్లో ఉంటున్నాడు, కిటికీ పక్క బల్ల మీద కంపెనీ కంప్యూటరు పెట్టుకున్నాడు.

పోయిన సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు నాకు జ్వరం వచ్చింది. నాన్న మిరియాల చారు కాచి తాగించి, మంచం పక్క కుర్చీ వేసుకుని నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ కూర్చున్నాడు. చిన్నప్పుడైతే తల మీద చెయ్యి పెట్టి, మెట్ల దాకా వినపడేంత గట్టిగా ప్రార్థన చేసేవాడు. "ప్రార్థన చెయ్యి నాన్నా" అన్నాను. చెయ్యి తల మీద పెట్టాడు. పెదవులు కదలలేదు.

"నువ్వు చేసుకో తల్లీ. నేను ఆమెన్ అంటా" అన్నాడు.

నేను చేశాను. నా జ్వరం సంగతి వదిలేసి ఆయన కోసమే చేశాను, ఆయనకు వినపడేటట్టు. చివర ఆయన వంతు వచ్చిన చోట ఆగాను. కళ్ళు మూసుకునే ఉన్నాను. గిన్నెలో తడిగుడ్డ పిండుతున్న చప్పుడు వినిపించింది.