సూర్యకుమారి గారి నెవాడా కాగితం

కెనడాలోని బ్రాంప్టన్ తెలుగువాళ్లెవరైనా నెవాడా ఎడారి గుండా కారులో వెళ్లాలనుకుంటే, ముందు సూర్యకుమారి గారింటికి వెళ్లి ఒక కాగితం తెచ్చుకుంటారు. ఏ ఊళ్లో కారుకు గ్యాస్, అంటే పెట్రోలు, దొరుకుతుంది, మనిషికి ఎన్ని లీటర్ల నీళ్లు పెట్టుకోవాలి, ఆ ఎండకు పులిహోర ఎంతసేపు ఆగుతుంది, అన్నీ అందులో ఉంటాయి. వెళ్లొచ్చినవాళ్లను కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఓపిగ్గా అడిగి రాసుకున్నదే అదంతా. ఆవిడ మాత్రం మొన్నమొన్నటిదాకా ఎడారి మొహం చూడలేదు.

వేర్‌హౌస్ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, పోయిన అక్టోబరులో భర్త సీతారామారావు గారితో సొంత కారులోనే బయలుదేరారు. నెవాడా చేరాక ఆవిడ కొండలకన్నా కాగితాన్నే ఎక్కువ చూశారు. చూడని దారికి పదేళ్లుగా జనాన్ని పంపారు కదా, అందులో తప్పుంటే?

దారంతా కిలోమీటర్లలో లెక్కలు చెబుతూ వచ్చిన ఫోను, సిగ్నల్ పోయి నోరు మూసుకుంది. ఒక చిన్న ఊళ్లో గ్యాస్ స్టేషన్ దాటగానే బోర్డు కనబడింది. ఆయన పకపకా నవ్వారు.

"తరువాతి ఊరికి నూట ముప్పై మూడని రాశావు. బోర్డు చూడు, ఎనభై మూడే! కారులో ఇంకా నూట ఇరవైకి సరిపడా గ్యాస్ ఉంది."

ఆవిడ ముఖం వాడిపోయింది. "అంత తేడానా? మృదుల వాళ్లు చంటిపిల్లతో వెళ్లారండీ, ఇది పట్టుకుని!"

"క్షేమంగానే వచ్చారుగా. చదివుండరులే."

ఆవిడ కాగితంలో ఆ అంకె మళ్లీ చూశారు. కాసేపటికి ఉన్నట్టుండి నిటారుగా కూర్చున్నారు.

"ఏమండీ, ఇది అమెరికా! బోర్డు మీదివి మైళ్లు. నేను మనవాళ్ల కోసం కిలోమీటర్లు చేసి రాశాను."

"ముప్పై ఏళ్లు మార్కమ్‌లో సాఫ్ట్‌వేర్ రాసిన బుర్ర ఇది..."

"ఆ బుర్రతోపాటు కారు కూడా వెనక్కి తిప్పండి."

వెనక్కి వచ్చి ట్యాంకు నింపుకున్నారు. పంపు పట్టుకుని నిలబడినప్పుడే ఆయన ఆ కాగితం మొదటిసారి పూర్తిగా చదివారు, పైకి, పద్యం చదివినట్టు రాగం తీస్తూ. ఆవిడ నవ్వుతూ కాగితం లాక్కుని, బానెట్ మీద పరిచి, అడుగున రాశారు: "బోర్డుల మీదివి మైళ్లు. డ్రైవ్ చేసేవారు కాదంటే వినకండి."

"డ్రైవ్ చేసేవారంటే నేనేనా?"

"పేరు రాయమంటారా?"