సారు గ్రాఫు

గద్వాలలో మాది చీరలు నేసే ఇల్లు. పదితో బడి మానేసినా, అణువులు పీల్చుకునే కాంతిని కొలిస్తే వాటి ఆకృతి తెలుస్తుందని గ్రంథాలయంలో చదివి తెలుసుకున్నాను. ఆ పరిశోధనలోనే జీవితం గడిపి రిటైరైన రసాయన శాస్త్రవేత్త ఒకరు మా వీధిలో ఉండేవారు. చూపు మందగిస్తున్న ఆయన చెబుతుంటే, ఆ అనుభవాలను పుస్తకంగా రాసిపెట్టేవాణ్ణి.

ఒకరోజు సారు తాను కొలిచిన కాంతి శిఖరాలున్న పాత గ్రాఫు ఒకటి జిరాక్సు తీయించమని ఇచ్చారు. దానికి మరో ప్రతి లేదు. మగ్గం దగ్గర పెట్టి అన్నానికి వెళ్లాను. చీర అంచులను మేమూ గళ్ల కాగితం మీదే గీస్తాం. మా అన్న దాన్ని, మొనలు వరసగా తేలే కోటకొమ్మ అంచుకు కొత్త డిజైననుకుని, శిఖరాలన్నీ నల్ల సిరాతో నింపేశాడు.

"కోటకొమ్మ అంచు మస్తుగుంది తమ్మీ! ఎవరు గీసిండ్రు?" అన్నాడు.

దాన్ని సారుకు తీసుకెళ్లి ఇచ్చాను. ఆయన కాగితాన్ని కళ్లకు ఆనించుకున్నారు.

"గీడ చిన్న శిఖరం ఉండాలె. దానికోసం పదేండ్లు పనిచేసిన. అంత నల్లగనే కనిపిస్తుంది. కాగితం ఖరాబైందా, నా కండ్లు పోయినయా బిడ్డా?"

"కాగితం మంచిగనే ఉంది సార్," అన్నాను భయంతో.

"అయితే పోయినయి నా కండ్లే. ఇగ చాలు," అని కాగితం మడిచేశారు. పుస్తకం మాట మళ్లీ ఎత్తలేదు. ఆ ఏడే పోయారు.

ఎన్నో పుస్తకాలు చదివాను. ఆ ఒక్క నిజం చెప్పలేకపోయాను.