వంటావార్పుకి ఇచ్చిన కుక్కర్

ఆ కుక్కర్ ఎవరు తయారుచేశారో నాకు ఈరోజుకీ తెలియదు. ఎవరు అమ్మారో కూడా సరిగ్గా తెలియదు. ఎందుకు పేలిందని అడిగితే తలా ఒక కారణం చెప్పారు, అన్నీ నిజమే అనిపించాయి. కచ్చితంగా తెలిసింది ఒక్కటే. దాన్ని మా ఇంట్లోంచి నా చేతులతో నేనే ఎత్తి ఇచ్చాను.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. మేం గుంటూరు వైపు నుంచి వచ్చి మన్సూరాబాద్‌లో ఒక ఇంటి మేడ మీద అద్దెకుండేవాళ్లం. మా ఆయనకి బ్యాంకులో ఉద్యోగం. కింద ఇంటివాళ్లు నల్గొండ దగ్గర పల్లె నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు. ఆ ఇంటాయన లారీ మీద వెళ్తే వారాలకొద్దీ తిరిగొచ్చేవాడు కాదు. ఇంటావిడ కాలనీలో ఆడవాళ్లందరికీ జాకెట్లు కుట్టేది. నాకంటే పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. టీవీలో ఏ వార్త వచ్చినా మెట్ల దగ్గర నిలబడి, "ఏంది చెల్లె, మీ వోళ్లు ఏమంటున్నరు?" అని ఆటపట్టించేది. "మా వాళ్లకి మీ వాళ్లంటే బెదురు పట్టుకుందక్కా" అనేదాన్ని. ఇద్దరం నవ్వుకునేవాళ్లం. మనసులో మాత్రం ఈ నవ్వు ఎప్పుడు ఆగిపోతుందోనని నాకు భయంగా ఉండేది. ఈ ఊళ్లో నాకు మనిషి అంటూ ఉన్నది ఆవిడే.

కుక్కర్‌ని ఆన్‌లైన్‌లో కొనడం నా గొప్ప ఆలోచనే. మా అత్తగారి తరఫు బంధువులు పెద్ద గుంపుగా వస్తామన్నారు. ఇంట్లో ఉన్న చిన్న కుక్కర్ అందరికీ చాలదు. దిల్‌సుఖ్‌నగర్ స్టీలు సామాన్ల షాపులకి పోదామంటే ఒకరోజు బంద్, ఒకరోజు ర్యాలీ, మిగిలిన రోజుల్లో సగం దించిన షటర్ల కింద వంగి దూరాలి. కంప్యూటర్లో చూస్తే కుక్కర్ ఫొటో తళతళలాడుతోంది, కింద కొన్నవాళ్లు ఇచ్చిన నక్షత్రాలు నిండుగా ఉన్నాయి. ఇంటికి తెచ్చాకే డబ్బులన్నారు. ఇంకేం కావాలి? డబ్బా మీద ఐఎస్ఐ ముద్ర కూడా చూశాను, చూసి చాలా తృప్తిపడ్డాను. తీరా బస్సులు నడవక బంధువులు ప్రయాణం మానుకున్నారు. కుక్కర్ డబ్బాతో సహా అటక ఎక్కింది.

అప్పుడే ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు అన్నారు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే కూర్చుని తినడం, అదే నిరసన. ముందురోజు సాయంత్రం అక్క పైకి వచ్చింది.

"చెల్లె, పప్పు కట్టెల పొయ్యి మీద ఉడికేసరికి పోలీసులొచ్చి లేపేస్తరు. పోయినసారి పచ్చి పప్పే తిన్నం. మీ ఇంట్ల పెద్ద కుక్కర్ ఉంటే జర ఇయ్యవా?"

మా ఆయన పేపర్ చాటు నుంచి తల ఎత్తలేదు. ఆవిడ కిందికి వెళ్లాక మాత్రం, "మనల్ని పొమ్మనడానికి వండే పప్పుకి మన కుక్కరే కావలసి వచ్చిందా?" అన్నాడు. ఆయన మాటకి నవ్వొచ్చింది, ఒళ్లూ మండింది. మనల్ని ఎవరు పొమ్మన్నారు, ఆవిడ పప్పు ఉడకలేదని అడిగింది అంతే అన్నాను. నిజంగా అంతేనా అని నాకూ తెలియదు.

రోజూ వాడే కుక్కర్ ఇవ్వొచ్చు, చిన్నదైనా రెండు వాయిలు వేసుకుంటారు. కానీ దాని పిడి వదులు, మూత కూడా చెయ్యి తిరిగినవాళ్లకి తప్ప పడదు. నలుగురికీ పెట్టే వంటకి పాత గిన్నె పంపితే మా వైపు ఎంత చిన్నతనమో చెప్పలేను. అటక మీది డబ్బా దించి, కొత్తదే ఇచ్చాను. అక్క మొహం వెలిగిపోయింది.

మర్నాడు నేనూ వెంట వెళ్లాను. నోరు తెరిస్తే నా యాస బయటపడుతుందని ఆడవాళ్ల వెనక నిలబడి ఉల్లిపాయలు తరిగాను. తారు రోడ్డు మీద మూడు రాళ్లు, వాటి మధ్య కట్టెలు, వాటి మీద నా కుక్కర్. "మా చెల్లె ఇచ్చింది, కొత్తది, ఇంకా వాడనే లేదు" అని అక్క అందరికీ చెప్తుంటే గర్వంగా ఉంది. మంట ఎగసి కుక్కర్ పొట్టనంతా నాకుతోంది. విజిల్ ఎంతకీ రాలేదు. కట్టె లాగి మంట తగ్గిద్దామని అక్క వంగింది. మూత పక్కనుంచి ఆవిరీ పప్పూ ఒక్కసారిగా చిమ్మి ఆవిడ కుడి చెయ్యంతా పడ్డాయి.

నీళ్లు పోశారు, ఆటో పిలిచారు. ఆటోలో నేను పక్కనే కూర్చున్నాను. ఎక్కేటప్పుడు గుంపులో ఎవరో అన్న మాట ఇద్దరికీ వినపడింది. "ఆంధ్రామె కుక్కర్ అట. తాను వండుకునేది ఇయ్యలే, ఎన్నడు వాడనిది ఇచ్చింది." అక్క కళ్లు మూసుకుంది. నొప్పికి మూసుకుందో, ఆ మాటకి మూసుకుందో.

చెయ్యి నయమవుతుందని, కుట్టుపని మాత్రం కొన్నాళ్లు వద్దని దవాఖానలో చెప్పారు. అక్క నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. అన్నం పట్టుకుని కిందికి వెళ్తే, "అక్కడ పెట్టుండ్రి" అనేది. 'నువ్వు' పోయి, 'మీరు' అనే ఆ 'ఉండ్రి' వచ్చింది. మెట్ల దగ్గర నిలబడడం మానేసింది. ఆవిడ అనుమానిస్తోందా, చెయ్యి మంటకి విసుగ్గా ఉందా అని రోజంతా ఇదే ఆలోచన. తప్పు నాది కాదని రుజువు చేస్తే సరిపోతుందనుకున్నాను.

సైటువాళ్లకి ఫోన్ చేశాను. "మేడమ్, మేం అమ్మము. అమ్మేవాళ్లకి చోటు ఇస్తాం అంతే" అంది అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా. అంటే మీరు సంతలాంటివాళ్లా అంటే అవును మేడమ్ అంది. సంతలో అమ్మినవాడి మొహమైనా కనపడుతుంది కదమ్మా అంటే, ఇంకేమైనా సహాయం కావాలా మేడమ్ అంది. బిల్లు మీద అమ్మినవాడి ఊరు ఎక్కడో ఉత్తరాదిన ఉంది, ఫోన్ నంబరు పనిచేయదు. తెచ్చి ఇచ్చిన కొరియర్ వాళ్లు లోపల ఏముందో మాకు తెలియదన్నారు. అదీ నిజమే.

మసి పట్టిన కుక్కర్‌ని సంచీలో వేసుకుని దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాను. మొదటి షాపాయన తిరగేసి చూసి, ముద్ర డబ్బా మీద ఉంది గానీ గిన్నె మీద లేదు, ఇది దొంగ సరుకు అన్నాడు. పక్క షాపాయన, కట్టెల మంట మీద పెడితే ఎంత మంచి కుక్కరైనా అంతే, మీదే పొరపాటు అన్నాడు. ఇంకొకాయన రబ్బరుని వేలితో సాగదీసి, అసలు దోషమంతా ఈ రబ్బరుదే, కొత్తది వేయిస్తారా అని అడిగాడు. ముగ్గురికీ తల ఊపి వచ్చాను. డిగ్రీలో కెమిస్ట్రీ చదివాను, ఆవిరి గురించి పరీక్షలో పేజీలు నింపాను, ఒక్క ముక్క అక్కరకి రాలేదు. ఇంటికొచ్చే దారిలో మరో అనుమానం పట్టుకుంది. పరువు కోసం కొత్తది ఇచ్చానా, లేక మా పాతది ఆ మసిలో పాడవుతుందని ఇచ్చానా?

పది ఫోన్లు చేశాక సైటువాళ్లు కొంచెం దిగొచ్చారు. గాయపడినావిడతో మాట్లాడాలి, గ్యాస్ స్టవ్ మీద వాడుతుండగా జరిగిందని ఆవిడ చెబితే ఫిర్యాదు పైకి పంపుతాం అన్నారు. ఫోన్ పట్టుకుని కిందికి పరిగెత్తాను. "అక్కా, ఇంట్లో గ్యాస్ మీద అని చెప్పండి చాలు. వాళ్ల తప్పేనని తేలిపోతుంది" అన్నాను.

అక్క ఎడమచేత్తో ఫోన్ తీసుకుంది. అవతల నుంచి అడిగింది విని, నింపాదిగా చెప్పింది. "గ్యాస్ ఏంది బిడ్డా? కట్టెల పొయ్యి. ఎల్బీనగర్ల రోడ్డు మీద. వంటావార్పు చేసినం."

చెప్పి ఫోన్ నా చేతికిచ్చింది. అవతల నుంచి, అది వాడకంలో జరిగిన పొరపాటు కిందికి వస్తుందని, క్షమించమని, ఇంకేమైనా సహాయం కావాలా అని.

నాకు దుఃఖమూ కోపమూ కలిసొచ్చాయి. "ఎందుకక్కా అలా చెప్పారు? అయిపోయేది కదా" అన్నాను.

"గా పొద్దు నేను రోడ్డు మీద ఉన్న. ఇంట్ల ఉన్ననని ఎట్ల చెప్పాలె?" అంది. "చెయ్యి కాలింది కాలనే కాలింది. అది ఎందుకు కాలిందో గూడ నాది కాకుండ పోవాల్నా?"

ఇన్నాళ్లూ అడగలేనిది అప్పుడు అడిగేశాను. "మీరు నన్ను అనుమానించారా అక్కా?"

ఆవిడ తప్పించుకోలేదు. "అనుకున్న. అబద్ధమెందుకు చెప్పాలె. రాత్రి మంటకి నిద్ర పట్టకుంటే అన్ని అనుకుంటం."

"ఇప్పుడు?"

"ఇప్పుడు ఏం సమజైతలేదు" అంది. నాకు ఎంత అయోమయమో ఆవిడకీ అంతే అయోమయమని ఆ క్షణంలో తెలిసింది, ఆ తెలియడం ఓదార్పో కాదో తేల్చుకోలేకపోయాను.

కట్టు కట్టిన చెయ్యి గుండెలకి ఆనించుకుని అక్క లేచింది. లోపలికి వెళ్లి దువ్వెనా కొబ్బరినూనె సీసా తెచ్చింది. కాలిన చేత్తో జడ వేసుకోవడం కుదరక ఇన్నాళ్లూ ఉత్త ముడే. నన్ను మెట్ల మీద కూర్చోబెట్టి, నా ముందు మెట్టు మీద, నాకు వీపు తిప్పి కూర్చుంది. ముడి విప్పితే జుట్టంతా చిక్కులు.

"మెల్లగ దువ్వు, నొస్తది" అంది.

నాకు కన్నీళ్లు ఆగలేదు. ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు.