దొరగారు మిగిల్చిన తిట్టు

మా పిన్ని తన కంప్యూటర్‌ను దొరగారు అంటుంది. ఎప్పుడు లేస్తాడో, ఎప్పుడు పడుకుంటాడో ఆయన ఇష్టం. మనం చేతులు కట్టుకుని నిలబడాలి. పిన్నిది గొంతులు రికార్డు చేసే పని. ఇంటి వెనక గదిలో గోడలకు పాత దుప్పట్లు బిగించి, దుకాణాల ప్రకటనలు, పిల్లల పాఠాలు రికార్డు చేస్తుంది. పని సగంలో ఉండగా తెర నీలంగా మారిపోవడం, అడగకుండానే అప్‌డేట్ మొదలుకావడం ఆమెకు మామూలే. విసిగిపోయి ఒకసారి వేరే ఆపరేటింగ్ సిస్టమ్ వేయించింది. అది మైకునే గుర్తుపట్టలేదు. పెనం మీంచి పొయ్యిలో పడ్డానని ఏడుస్తూ మళ్లీ పాతదానికే వచ్చింది.

పిన్నికి సొంత పద్ధతి ఒకటుంది. మైకు సరిచూడటానికి అందరూ "హలో, హలో" అనిపిస్తారు. పిన్ని మాత్రం "ఇంట్లో ఎవర్నైనా తిట్టండి" అంటుంది. హలో అనేటప్పుడు మనుషులు నటిస్తారట. అసలు గొంతు తిట్టేటప్పుడే బయటికొస్తుందట. ఆ తిట్టును విడిగా సేవ్ చేసి, దాన్నిబట్టి మీటలు సరిచేసుకుంటుంది.

ఆ రోజు మైకు ముందు కూర్చున్నది మా మామయ్య, పిన్నికి స్వయానా అన్న. గొంతులో గడ్డ. మర్నాడే ఆపరేషన్. స్వరపేటిక తీసేశాక ఈ గొంతు ఇక ఉండదని డాక్టర్ చెప్పేశాడు. ఉన్నప్పుడే ఇంట్లోవాళ్లకు నాలుగు మాటలు చెప్పి దాచాలని ఆయన కోరిక. ఎదురుగా ఉంటే మాట పెగలదని అత్తయ్యను ముందుగదిలో కూర్చోబెట్టాడు.

పిన్ని ఇంటర్నెట్ వైరు పీకేసింది. దొరగారికి దండం కూడా పెట్టింది.

"అన్నయ్యా, ముందు వదినను తిట్టు."

"ఆ మాత్రం దానికి నువ్వడగాలా?" అంటూ మామయ్య అందుకున్నాడు. "తడి తువ్వాలు మంచం మీద పడెయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాలే నీకు! చెవిలో ఏం పెట్టుకున్నావ్? ఈ ఇంట్లో నా మాటంటే లెక్కే లేదు!"

పక్కనే నిలబడ్డ నేను నవ్వు ఆపుకుంటూ నోరు నొక్కుకున్నాను. పిన్ని దాన్ని సేవ్ చేసి, చెయ్యి ఊపింది.

అప్పుడు మామయ్య అసలు మాటలు మొదలుపెట్టాడు. బొంగురుగా, ఆగి ఆగి, పెళ్లయిన కొత్తలోని అద్దెగది గురించి, అత్తయ్యకు ఎన్నడూ చెప్పని క్షమాపణ గురించి చెప్పుకుపోతున్నాడు. వింటున్న నాకు కళ్లు మండాయి. అంతలో తెర మీద ఆయన గొంతుకు తగ్గట్టు ఊగుతున్న పచ్చగీత బిగుసుకుపోయింది. పిన్ని మౌస్ కదిపింది. బాణం కదల్లేదు.

ఆపమంటే ఆ గొంతు మళ్లీ లేస్తుందో లేదో. ఆపకపోతే ఆ మాటలు ఎక్కుతున్నాయో లేదో. పిన్ని చెయ్యి సగం లేచి గాల్లోనే ఆగిపోయింది. మామయ్య కళ్లు మూసుకుని చివరి మాట చెప్పి, తేలికపడ్డట్టు వెనక్కి వాలాడు. తెర నీలంగా మారింది.

పిన్ని కంప్యూటర్‌ను మళ్లీ లేపింది. ఫైలు పేరు కనబడింది గానీ తెరుచుకోలేదు. పిన్ని నొక్కింది, మళ్లీ నొక్కింది, చివరికి బల్ల మీద తల ఆనించి ఏడ్చేసింది. మామయ్య మళ్లీ చెప్పబోయాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. చెల్లెలి తల నిమిరి ఊరుకున్నాడు.

అత్తయ్య తలుపు తోసుకుని వచ్చి మా ముఖాలు చూసింది. "ఏమీ దక్కలేదా?"

"ఒక్కటుంది వదినా. కానీ అది..."

"ఏదైతేనేం, పెట్టు."

పిన్ని పెట్టింది. గదంతా మామయ్య తిట్టు మారుమోగింది. పిన్ని సిగ్గుతో తల దించుకుంది. అత్తయ్య మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని ఆ పెట్టెతోనే పోట్లాటకు దిగింది. "తువ్వాలు పడేసేది నేనా? మీరా? అబద్ధం!" అంటూనే నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. "ఇది నా ఫోన్లో ఎక్కించమ్మా. ఆయన ఫోన్లో కూడా."

ఆపరేషన్ బాగానే జరిగింది. చెప్పిన మాటలు పోయాయని మామయ్య ఎప్పుడూ బాధపడలేదు గానీ, పిన్ని మాత్రం దొరగారిని ఇప్పటికీ శపిస్తుంది. మొన్న మామయ్య వాళ్లింటికి వెళ్తే, అత్తయ్య స్నానం చేసి వచ్చి, తడి తువ్వాలును కావాలనే మంచం మధ్యలో పడేసింది. మామయ్య కోపంగా లేచి, జేబులోంచి ఫోన్ తీసి నొక్కాడు.

"వినపడింది లెండి," అంది అత్తయ్య. తువ్వాలు తియ్యలేదు. మామయ్య మళ్లీ నొక్కాడు.