కింది మెట్టు మనిషి

మా మామ ఇళ్లు మార్చే కంపెనీలో సామాను మోస్తాడు. ఇనుప బీరువాని మెట్లెక్కించేటప్పుడు పైన ఒకడు, కింద ఒకడు ఉంటారు. పైవాడు దారి చూపిస్తాడు, బరువంతా కిందివాడిది. ఇరవై రెండేళ్లుగా మామే కింద. ఒక రోజు మూడో అంతస్తు మలుపులో పైవాడి చెయ్యి జారింది. బీరువా మామ వీపు మీద ఆగింది. అద్దం పగల్లేదని ఇంటివాళ్లు సంతోషించారు.

ఆసుపత్రిలో ఆపరేషన్ అక్కర్లేదన్నారు. వ్యాయామాలు నేర్పే డాక్టరమ్మ బొమ్మలున్న కాగితం ఒకటి ఇచ్చి, మూడు నెలలు ఇంట్లో చెయ్యమంది. కంపెనీలో మోతగాళ్లని చూసుకునే మేస్త్రి కూడా అంతే గడువిచ్చాడు. "తర్వాత వచ్చి నా కళ్ల ముందు ఒక బీరువా ఎక్కించు. ఎక్కిస్తే నీ చోటు నీది. లేదంటే ఇంకొకణ్ణి చూసుకుంటా."

నేను కాలేజీ మానేసి వాళ్లింట్లోనే పడి ఉన్నాను కాబట్టి లెక్కపెట్టే పని నాకు తగిలించారు.

"పది దాకే కదా. నీ చదువు సరిపోతుందిలే," అంది అత్త.

ఉన్నది ఒక గది, ఒక వంటిల్లు. సామాన్లకి చుట్టే కంపెనీ దుప్పటి పరిచి మామ వెల్లకిలా పడుకుంటే వీధి తలుపు తెరుచుకోదు. పక్కింటావిడ తలుపు కొడితే అత్త లోపల్నించే కేకేసేది: "కాస్త ఆగు వదినా, మీ అన్నయ్య ఇంకా నడుము దించలేదు."

మొదటి వారంలోనే మామ మోతగాడి తెలివి చూపించాడు. నేను బయటికి వెళ్లగానే పదికి బదులు నలభై చేశాడు. మర్నాడు చొక్కా కూడా తొడుక్కోలేకపోయాడు.

"పదికే మంచి జరిగితే నలభైకి నాలుగింతలు జరగదట్రా?"

"జరగదు మామా. ఇది లోడు కాదు."

అసలు పేచీ ఊపిరి దగ్గర వచ్చింది. మోతగాళ్లు గుండెల నిండా గాలి బిగబట్టి ఒక్క కుదుపుతో బరువు లేపుతారు. డాక్టరమ్మ ఆ రెండూ కూడవంది. మోకాళ్లు వంచాలి, గాలి వదులుతూ మెల్లగా లేవాలి, రెండు మెట్లకోసారి ఆగాలి. మామకి అది బరువుకి దణ్ణం పెట్టడంలా అనిపించింది.

"ఇలా ఎత్తితే బీరువా నవ్వుతుందిరా."

అయినా మొండిగా నేర్చుకున్నాడు. పదకొండో వారంలో ఒక ఉదయం వంగి బూట్ల తాళ్లు తనే కట్టుకున్నాడు. అత్త అటు తిరిగి, తోమిన గిన్నెనే మళ్లీ తోమింది.

గడువు రోజున మామతో నేనూ కంపెనీ గోడౌనుకి వెళ్లాను. పైమెట్టు మీద చెయ్యి జార్చిన ఆ మనిషే నిలబడ్డాడు. మామ మోకాళ్లు వంచాడు, గాలి వదిలాడు, రెండు మెట్లకోసారి ఆగుతూ బీరువాని పైకి చేర్చాడు. మొహంలో నొప్పి లేదు. నాకు గర్వంగా ఉంది, ఒప్పుకుంటాను.

మేస్త్రి ఫోన్లో టైం చూశాడు. "బీరువా మోస్తున్నావా, కోడిగుడ్లు మోస్తున్నావా?"

"డాక్టరమ్మ ఇలాగే ఎత్తమంది."

"అయితే ఆవిడ దగ్గరే పనిలో చేరు. నీ లెక్కన రోజుకి ఒక్క ఇల్లే ఖాళీ అవుతుంది."

అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా పైమెట్టు వాడు నవ్వాడు.

"పద మామా, పోదాం," అన్నాను. మామ నా వైపు చూడలేదు.

"కిందికి దించండి. మళ్లీ ఎక్కిస్తా."

ఈసారి గాలి బిగబట్టాడు. మెడ నరాలు తాళ్లలా లేచాయి. ఒక్క కుదుపు. ఎక్కడా ఆగకుండా పైకి చేరింది బీరువా.

"ఇదీ మోత అంటే. సోమవారం నుంచి వచ్చెయ్," అన్నాడు మేస్త్రి.

బస్సులో సీటు ఖాళీగా ఉన్నా మామ కడ్డీ పట్టుకుని నిలబడే వచ్చాడు.

"చోటు దొరికింది," అన్నాడు ఇంట్లోకి వస్తూనే.

"మరి రోజూ చేసేవి?" అంది అత్త.

"బాగైపోయిందిగా. ఇంకెందుకు?"

దుప్పటి సోమవారం కంపెనీకి తిరిగి ఇచ్చెయ్యాలట. తీసి మడవమని నాకు చెప్పాడు. అది తన కాళ్ల దగ్గరే ఉంది. నువ్వే వంగి తీసుకోవచ్చు కదా అని నేను అనలేదు.