ఎండకు జారిన బొత్తాలు

నా చిన్నప్పుడు, అంటే మేం అమెరికాలోని ప్లేనోకి వచ్చిన కొత్తలో, పక్కింటి ఆంటీ వాళ్ళ గరాజ్ నాకు రెండో బడి. ఆంటీ ఇంజనీరింగ్ చదివింది కానీ ఇక్కడ తన వీసా మీద ఉద్యోగం చేయడానికి వీల్లేదు. శనివారం పొద్దున్నే, జనం ఇళ్ళ ముందు సామాన్లు పెట్టి అమ్మే గరాజ్ సేల్స్ చుట్టూ డ్రైవ్ చేసి, ఎవరో వాడి వదిలేసిన పాత కుట్టు డబ్బాలు తెచ్చేది. చెక్క దారపు రీళ్ళు, గాజు బొత్తాలు, ఇత్తడి జిప్పులు, వాడి వాడి మెత్తబడిన కొలత టేపులు. రోడ్డు పక్కన దొరికిన తాళంచెవులూ గడియారం చక్రాలూ వాటితో కలిపి, గుడ్డ చుట్టిన అట్టల మీద బొమ్మలు కూర్చేది. ఒక అట్ట మీద జిప్పు కాలువై పారేది. ఇంకోదాని మీద బొత్తాలు కోళ్ళై గింజలు ఏరుకునేవి.

నేను అయిదో తరగతి. ఇంగ్లిష్ అర్థమయ్యేది, నోరు మాత్రం పెగిలేది కాదు. క్లాసులో నేనున్నానని ఎవరికీ గుర్తుండేది కాదు. అందుకే స్కూల్లో ఆర్ట్ ఎగ్జిబిషన్ అనగానే గట్టిగా అనుకున్నాను, గోడ మీద నా అట్ట ఉండాలి, దాని కింద నా పేరుండాలి అని. టీచర్ పెట్టిన షరతు ఒక్కటే. ప్రతి అట్టనీ నిలబెట్టి ఊపుతుంది. ఏది ఊడి కింద పడినా ఆ అట్ట గోడకెక్కదు.

ఆంటీ ఇచ్చిన సామానుతో బస్సు చేశాను. రీళ్ళు చక్రాలు, బొత్తాలు కిటికీల్లో ముఖాలు, టేపు రోడ్డు. బస్సు టాపు మీద మూటకి బదులు ఒక గులకరాయి. అన్నీ, జిగురు కరిగించి వదిలే గ్లూ గన్‌తో అతికించాను. ఆంటీకి చూపించడానికి అట్ట పట్టుకుని బయటికొస్తే, ముందు సరుకులు తెద్దామని అమ్మ నన్ను కారెక్కించి ఇండియన్ స్టోర్‌కి తీసుకెళ్ళింది. అట్టని వెనక సీట్లో నిలబెట్టి మేం లోపలికెళ్ళాం. తిరిగొచ్చేసరికి ఎండకి కారు పొయ్యిలా కాగి, జిగురు కరిగి, బస్సంతా జారి సీటు మీద కుప్పపడి ఉంది.

ఏడుస్తూ వెళ్ళాను. ఆంటీ ఆ కుప్పని చూసి, "ఏమే, యాక్సిడెంటా? ప్యాసింజర్లు క్షేమమేనా?" అంది. ఏడుపులోనే నవ్వొచ్చింది. ఇంకా గట్టి గమ్ కొంటే సరిపోతుంది కదా వదినా అని అమ్మ అంటుంటే, ఆంటీ ఒక బొత్తాన్ని తీసి నా కంటి ముందు పెట్టింది. దాని కన్నాల్లోంచి నాకు గరాజ్ కిటికీ కనిపించింది. "ఎక్కడ పట్టుకోవాలో అదే చెప్తోంది చూడు" అంది.

బొత్తాలకి కన్నాలు, రీళ్ళకి నడుమ తూము, టేపుకి అంచులు. దేన్ని ఎక్కడ కుట్టాలో వెతుక్కుంటూ మళ్ళీ మొదలుపెట్టాను. ఆంటీ సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది, అంతే. చేతులు ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చుంది. నా కుట్టు వంకరపోతోంది, వేళ్ళకి సూది గుచ్చుకుంటోంది. ఒక్కటి కుట్టిపెట్టమని బతిమాలాను. "నా చేతులు నీతో స్కూల్‌కి రావు కదే" అంది. చాలా కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఇంకో రెండు ముఖాలు కుట్టేశాను.

చివరికి గులకరాయి మిగిలింది. దానికి కన్నమూ లేదు, అంచూ లేదు. ఎంతసేపు తిప్పి చూసినా ఏమీ తోచలేదు. ఆంటీ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. అప్పుడు అనిపించింది, మల్లెపువ్వుకి మాత్రం కన్నం ఎక్కడుంది? అమ్మ కుండీలో పూసిన మల్లెలు మాల కట్టేటప్పుడు దారం ఎలా మెలేసి ముడి బిగిస్తుందో గుర్తు తెచ్చుకున్నాను. అలాగే రాయికి అడ్డంగా, నిలువుగా దారం చుట్టి ముళ్ళు వేసి, కొసల్ని గుడ్డకి కుట్టాను. అట్టని తలకిందులు చేశాను. రాయి కదల్లేదు. అప్పుడు లేచాయి ఆంటీ చేతులు ఒళ్ళోంచి, చప్పట్లు కొట్టడానికి.

క్లాసులో టీచర్ నా అట్టని ఊపింది. ఒక బొత్తం కుట్టు వదులై బయటికి వేలాడుతూ ఊగింది. వెనకనుంచి ఎవడో, వాడు బస్సు దిగిపోతున్నాడు అని అరిచాడు. అందరూ నవ్వారు. నాకే తెలియకుండా ఇంగ్లిష్‌లో గట్టిగా అనేశాను, "లేదు, వాడి స్టాప్ ఇంకా రాలేదు!" ఈసారి ఇంకా పెద్దగా నవ్వారు, నా వైపు తిరిగి. టీచర్ మరోసారి ఊపింది. బొత్తం ఊగిందే కానీ పడలేదు. అట్ట గోడకెక్కింది.

ఇప్పుడు మా పాపకి మూడేళ్ళు. మాటలు ఇంకా సరిగా రాలేదు. తను పడుకున్నాక ఆ దిగులుతో నిద్రపట్టక ఇలా ఏదో ఒకటి రాస్తుంటాను. పాప గ్లాసు వైపు చూసి పెదాలు కదిపినప్పుడల్లా, ఆ మాట నేనే అనేసి గ్లాసు అందించేయాలని ప్రాణం కొట్టుకుంటుంది. అనను. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఎదురుగా కూర్చుంటాను. ఇవాళ "నీ" అంది. మిగతాది కూడా తనే అంటుంది. అనేదాకా నేను లేవను.